నా రక్తానికేం తక్కువ?

"నా ఒంట్లో రక్తం లేదని తేల్చిన మహానుభావుడు ఎవరు?"

ల్యాబ్ తలుపు గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. గుమ్మంలో ఫైర్ స్టేషన్ యూనిఫాం వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. వానకు తడిసిన జుట్టు, కోపానికి ఎర్రబడిన ముక్కు. బల్ల వెనకున్న టెక్నీషియన్ ఉలిక్కిపడ్డాడు. హాస్పిటల్లో అందరూ అతన్ని సూదిబాబు అంటారు. నొప్పి తెలియకుండా రక్తం తీయడంలో అతని తర్వాతే ఎవరైనా.

"తేల్చింది డాక్టరుగారండీ. తీసింది మాత్రం నేనే."

"అయితే సగం పాపం మీది."

జరిగింది ఇదీ. ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా రక్తం చూడాలని హాస్పిటల్ వాళ్లు ఫైర్ స్టేషన్లో క్యాంపు పెట్టారు. హిమోగ్లోబిన్ తక్కువున్న వాళ్లందరికీ రక్తహీనత అని చెప్పి ఐరన్ మాత్రలు చేతిలో పెట్టారు. అంతకు మించి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. దాంతో నిచ్చెన ఎక్కడంలో అందరికంటే ముందుండే ఈ అమ్మాయిని ఆఫీసర్ తీసుకెళ్లి ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె నెలల తరబడి మాత్రలు మింగింది. హిమోగ్లోబిన్ మాత్రం ఉన్నచోటి నుంచి కదలలేదు.

"నిన్న పంతానికి పైపు భుజాన వేసుకుని మేడంతా ఎక్కా. మావాళ్లు కింద ఆయాసపడుతుంటే పైనుంచి టాటా చెప్పా. నా రక్తానికేం తక్కువ?"

సూదిబాబుకి నవ్వొచ్చింది. ప్రాణభయంతో ఆపుకున్నాడు.

"చెయ్యి ఇవ్వండి. ఈసారి మిషన్ మాట వినను, నా కళ్లతో చూస్తా."

చుక్క రక్తం గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు మీదకు వంగాడు. వెంటనే ఈల వేశాడు.

"ఏంటా ఈల?"

"మీ ఎర్ర కణాలు చిన్నవి. కానీ బోలెడున్నాయి. ఐరన్ తక్కువైతే మామూలుగా ఇన్ని ఉండవు. పుట్టినప్పటి నుంచీ మీరింతేనేమో. ఇంకో టెస్ట్ చేస్తే తేలిపోతుంది."

"జరగండి, నన్ను చూడనివ్వండి." ఆమె ఒక కన్ను మూసి, రెండో కన్ను లెన్స్‌కి ఆనించింది. "అబ్బ! బుజ్జిగా ముద్దొస్తున్నాయి."

"అవునండీ," అన్నాడు సూదిబాబు. అతను చూస్తున్నది లెన్స్ వైపు కాదు.

టెస్టులో తేలింది. తలసీమియా లక్షణం. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన గుణమే తప్ప జబ్బు కాదని డాక్టరే ఆఫీసర్‌కి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె మళ్లీ నిచ్చెనెక్కింది. ఆ తర్వాత వేలికి చిన్న గీత పడినా ల్యాబ్‌కే వచ్చేది. గీత ఏదీ అని సూదిబాబు వెతికేవాడు. అది దొరికేలోపు వాన మొదలయ్యేది, వాన ఆగేదాకా ఇద్దరికీ బోలెడు కబుర్లు. మీరు అనే పిలుపు ఎప్పుడు నువ్వుగా మారిందో ఇద్దరికీ తెలియదు.

అతని తల్లికి మాత్రం ఈ పెళ్లి మాట మింగుడుపడలేదు.

"రక్తంలో తేడా ఉన్న పిల్లా? కుదరదు."

"అమ్మా, అది జబ్బు కాదు."

"కాకపోతే దానికి పేరెందుకు పెట్టార్రా?"

ఈ మాట విన్న అమ్మాయి హెల్మెట్ చంకలో పెట్టుకుని బయల్దేరింది. "మంట ఎక్కడుంటే అక్కడికెళ్లడమే నా ఉద్యోగం. పద మీ ఇంటికి."

తల్లి కుట్టుమిషన్ మీద ఉంది. స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టి కొడుకుని ఒంటిచేత్తో పెంచిన మనిషి. ఆమె మిషన్ ఆపలేదు, ఓరకంట చూసిందంతే.

"ముందు నీ చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది, అది చూసుకో."

"చూసుకుంటా ఆంటీ. నా రక్తం సంగతి కూడా చూసుకున్నా. మరి మీరు చూసుకున్నారా?"

"నాదా? ఉక్కు! ఎప్పుడైనా నీరసమంటే టానిక్ తాగా, అంతే."

"చూసుకోని వాళ్లందరిదీ మంచి రక్తమే. ఒకసారి చూపించుకోండి. తర్వాత ఏం తిట్టినా పడతా."

"భయమా నాకు? రేపే ఇస్తా!"

అన్నట్టే ఇచ్చింది. స్లైడు చూసిన సూదిబాబు ఈ సారి ఈల వేయలేదు. అవే బుజ్జి కణాలు. రెండో టెస్టూ అదే మాట చెప్పింది.

డాక్టర్ గదిలో తల్లి గొంతు సన్నబడింది. "అంటే... నాకూ జబ్బేనా?"

తిట్టడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఆ అమ్మాయి మాత్రం వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "జబ్బయితే ఇన్నేళ్లు మిషన్ తొక్కేవారా? మీకేం తక్కువ ఆంటీ?"

తల్లి కళ్లు తుడుచుకుని, ఠక్కున కొడుకు వైపు తిరిగింది. "మరి వీడికి?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు," అన్నాడు డాక్టర్. "ఇద్దరికీ ఉంటే పుట్టే బిడ్డకు పెద్ద జబ్బే రావచ్చు. అందుకే పెళ్లికి ముందే చూసుకోమంటాం."

సూదిబాబు మొహం పాలిపోయింది. ఊరందరినీ పొడిచిన ఆ మహావీరుడికి సూదంటే చచ్చేంత భయం! ఇంతవరకు ఒక్కసారి కూడా తన రక్తం ఇవ్వలేదు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంటే కళ్లు గట్టిగా మూసుకుని ఇచ్చాడు.

రిపోర్టు కోసం ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. బయట వాన దంచుతోంది.

"నాకూ ఉంటే?"

"ఉంటే పిల్లల సంగతి డాక్టరుతో మాట్లాడి, కళ్లు తెరుచుకునే నిర్ణయించుకుందాం. నీ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పు. రిపోర్టు చూశాక పుట్టే ప్రేమ నాకొద్దు."

అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వంటే నాకు ప్రాణం. నా కణాలు ఎలా ఉన్నా సరే, నిన్నే చేసుకుంటా. అమ్మ వద్దన్నా సరే!"

"అమ్మ ఇప్పుడు వద్దందా ఏంట్రా?" వెనక నుంచి తల్లి గొంతు వినిపించింది.

డాక్టర్ తలుపు తీసి నవ్వాడు. "నీవి మామూలు కణాలేనయ్యా."

తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది. మరుక్షణం మూతి విరిచింది. "అయితే ఇంట్లో మేమిద్దరం ఒక జట్టు. నువ్వు ఒంటరివాడివి నాయనా." తర్వాత అమ్మాయి భుజం పట్టి చూసింది. "ఈ కుట్టు ఇంకా అలాగే ఉంది. సాయంత్రం ఇంటికి రా కోడలా, వేసిస్తా."

అమ్మాయి తన భుజం మీదున్న ఆ చేతిని పట్టుకుంది. "నలుగురూ ఏదో ఒకటి అంటారేమో, అత్తయ్యా."

"అననీ. ముందు చెయ్యి చాపి వాళ్ల రక్తం ఇచ్చి, ఆ తర్వాత అనమను!"