నుబ్రాకు ముగ్గురు

ఆ ఉదయం పాలు అరలీటరు తగ్గి వచ్చాయి. హైమవతి ప్యాకెట్టు చేతిలో తిప్పి చూసి, "ఇవాళ నాకు కడుపులో బాగుండదన్నమాట," అంది. పది దాటేసరికి నిజంగానే వికారం మొదలైంది. భర్త జోగారావు మజ్జిగలో ఉప్పు కలిపి ఇచ్చాడు. ఇద్దరిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. విశాఖపట్నంలో జనానికి ఆశ్చర్యపోయే అలవాటు తప్పి చాలాకాలమైంది.

ఇంటింటి గోడలోనూ యోజని అనే యంత్రం ఉంది. మనిషి మణికట్టు మీది నాడికంకణం ఒంట్లో జరిగేదంతా దానికి చేరవేస్తుంది. ఆ లెక్కతో అది రేపటిని అమర్చి పెడుతుంది. పెళ్ళిలో విస్తరి మిగలదు, చాలకపోవడమూ ఉండదు. రైలులో ఖాళీ సీటు ఉండదు. ఒక్క విషయంలో మాత్రం దాని నోరు కట్టేశారు. ఎవరి చావు గురించీ అది ఎవరికీ చెప్పకూడదు. దాన్ని మౌనచట్టం అంటారు. ఎవరైనా ఆశపడి అడిగితే, "దాని మీద నేను మాట్లాడను," అంటుంది మర్యాదగా.

మధ్యాహ్నానికి హైమవతి తేరుకుంది. సాయంత్రం ఆమె అక్క విశాలాక్షి, బావ కూర్మారావు వచ్చారు. తోడల్లుళ్ళిద్దరూ ఓడరేవులో కలిసి పనిచేసి, ఒకరి వెనక ఒకరు రిటైరైనవాళ్ళు. ఆ నలుగురూ ఆదివారం వస్తే సముద్రపు ఒడ్డున ఉన్న మైదానంలో గోల్ఫ్ ఆడతారు. గోల్ఫులో జట్టంటే నలుగురు. వాళ్ళకి ఐదోవాడి అవసరం ఎప్పుడూ రాలేదు.

వచ్చే వేసవికి నుబ్రా లోయకు వెళ్ళాలని వాళ్ళ కోరిక. కూర్మారావు ఆ మాట చెప్పగానే గోడంతా తెల్లని ఇసుకతిన్నెలు పరుచుకున్నాయి. వాటి వెనక మంచుకొండలు, మధ్యలో నది, నది పక్కన పచ్చగా కత్తిరించిన గడ్డి. రెండు మూపురాల ఒంటె ఒకటి ఆ పచ్చిక వంక ఆశగా చూస్తోంది.

"బంతి ఆ ఇసకలో పడితే ఇంకంతే. మీ బావ అక్కడే కాపురం పెట్టేస్తాడు," అంది విశాలాక్షి.

"నువ్వు క్యారేజీ పట్టుకొచ్చేద్దువుగానిలే," అన్నాడు కూర్మారావు.

యోజని పథకం చదవడం మొదలుపెట్టింది. కొండలమీదికి బరువు మోయనక్కర్లేదు, గోల్ఫ్ కర్రలు అక్కడే ఒక్కొక్కరి ఎత్తుకూ చేతివాటానికీ తగ్గట్టు చేయించి ఉంచుతారు. "విమానంలో సీట్లు మూడు. మగవారి కర్రల సంచులు రెండు, అందులో ఒకటి ఎడమచేతి వాటం. ఆడవారి సంచి ఒకటి. పేర్లు ప్రయాణం దగ్గరపడ్డాక ఖాయం చేస్తాను."

"నలుగురం," అన్నాడు జోగారావు, యంత్రానికి వినపడలేదేమో అన్నట్టు. "నలుగురం వెళ్తున్నాం."

"ముగ్గురికి అమర్చాను."

"ఎవరికైనా మోకాళ్ళ నొప్పి వస్తుందా? ఆడలేకపోతే బండిలో కూర్చుని చూస్తారు. సీటు అయినా తీసుకోవాలిగా?"

"దాని మీద నేను మాట్లాడను."

మౌనచట్టం రాసినవాళ్ళలో గోల్ఫ్ ఆడేవాళ్ళు లేరు కాబోలు. పేరు దాచమని యంత్రానికి చెప్పారు గానీ, కర్రల కొలతలు దాచమని చెప్పలేదు. వృథా చేయడం దానికి చేతకాదు, నాలుగో సంచి ఎందుకు చేయిస్తుంది? ఎడమచేతి వాటం కూర్మారావుది. రెండోది జోగారావుది. ఇక అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఎత్తు, ఇద్దరిదీ కుడిచేయే. ఆ ఒక్క సంచి ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు.

ముందుగా మాట్లాడింది విశాలాక్షే. "ఏమే హైమా, నేను పోతే నా ముత్యాల గొలుసు నీది. నువ్వు పోతే నీ ఆవకాయ జాడీలు నావి. బేరం కుదిరిందా?"

"పోవే అక్కా! ఆ జాడీల మీద నీకు ఎప్పట్నించో కన్నుంది," అని హైమవతి నవ్వబోయి, అక్క భుజం మీద తల ఆన్చేసింది.

"రద్దు చేసేద్దాం," అన్నాడు కూర్మారావు.

"రద్దు చేస్తే బతికిపోతామా? ఉండనివ్వండి. ముగ్గురో నలుగురో, ఎవరో ఒకరం ఆ కొండలు చూద్దాం," అంది విశాలాక్షి.

ఆ తరవాతి నెలల్లో అక్కచెల్లెళ్ళు చిత్రంగా దగ్గరయ్యారు. రోజూ ఎవరో ఒకరింట్లో చేరేవారు. గోంగూర వలుస్తూ చిన్ననాటి కబుర్లు చెప్పుకునేవారు, చిన్నప్పటి జడకుచ్చుల కోసం ఇప్పుడు దెబ్బలాడుకునేవారు. చావు గురించి మళ్ళీ ఎత్తలేదు. ఒకరి తలకు ఒకరు నూనె రాసుకోవడం మాత్రం మొదలుపెట్టారు. గుమ్మంలోంచి అది చూసినప్పుడల్లా జోగారావుకు కళ్ళు చెమర్చేవి, మరుక్షణం భయం వేసేది.

ఆ భయం అతన్ని మార్చింది. హైమవతి మెట్లు దిగుతుంటే రెక్క పట్టుకునేవాడు. తుమ్మితే కిటికీలు మూసేవాడు. దేవుడి గదిలోకి ఎప్పుడూ పోనివాడు ఇప్పుడు స్నానం కాగానే వెళ్ళి నిలబడేవాడు. తన భార్య బతకాలని దండం పెట్టుకునేవాడు. ఆ దండానికి రెండో అర్థం ఉందని అతనికి తెలుసు. దాని వైపు చూడకుండా కళ్ళు మూసుకునేవాడు.

ఓ ఆదివారం మైదానంలో చిన్న దిబ్బ ఎక్కుతూ విశాలాక్షి ఆగిపోయింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంటోంది.

"వదినా, ఎన్నాళ్ళనించి ఈ ఆయాసం?" అన్నాడు జోగారావు.

"ఆయాసమా పాడా! పొద్దున్న నాలుగు పెసరట్లు తిన్నాను, అదీ సంగతి," అని ఆమె మళ్ళీ నడక సాగించింది.

కూర్మారావు మాత్రం కదల్లేదు. "తమ్ముడూ, నువ్వు అడిగిన తీరు బాగాలేదు," అన్నాడు మెల్లగా.

"కంగారుపడి అడిగాను అన్నయ్యా."

"కాదు. ఆశపడి అడిగావు."

జోగారావు బంతి వైపు చూస్తూ నిలబడ్డాడు.

వానలు పడ్డాక హైమవతి తడి గడ్డి మీద జారి వెల్లకిలా పడింది. పక్కనే ఉన్నది కూర్మారావు. అతను చెయ్యి అందించలేదు. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి పరీక్షగా చూస్తూ ఉండిపోయాడు. దూరం నుంచి పరిగెత్తుకొచ్చిన జోగారావు ఆ చూపు చూశాడు. హైమవతికి మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆమెను లేపి కూర్చోబెట్టి తోడల్లుళ్ళిద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోకుండా బట్టల మీది మట్టి దులుపుకున్నారు. మరుసటి ఆదివారం కూర్మారావుకు ఏదో పని పడింది. ఆ తరవాతి వారం జోగారావుకు పడింది. ఆట అలా ఆగిపోయింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఓ పొద్దున్న హైమవతి పెరట్లో ఉతికిన చీర పిండుతోంది. వరండాలో కూర్చున్న జోగారావుకు గోడ మీది ఫోనులో కూర్మారావు కనిపించాడు. చొక్కా లేదు, తువ్వాలు భుజాన ఉంది.

"తమ్ముడూ, విశాల పోయింది. కుర్చీలో కూర్చుని పూలు కడుతోంది. దారం అందించమంది. నేను తెచ్చేసరికి..."

"హమ్మయ్య," అన్నాడు జోగారావు.

అతను అనాలని అనలేదు. నెలల తరబడి బిగబట్టిన ఊపిరి అది, మాటై బయటికి వచ్చేసింది. గోడ మీది కూర్మారావు తలెత్తాడు. పెరట్లో హైమవతి చేతుల్లో చీర పిండుతున్నది పిండుతున్నట్టే ఆగింది. నీళ్ళు ఆమె పాదాల మీదికి కారుతున్నాయి.

"వచ్చేయండి," అని కూర్మారావు గోడ మీంచి మాయమయ్యాడు.

మిట్టమధ్యాహ్నం శ్మశానంలో జోగారావు దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. అంతా అయ్యాక తడి పంచెతో కూర్మారావే అతని దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాడు జోగారావు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నీ మీద కోపం లేదురా తమ్ముడూ," అన్నాడు కూర్మారావు. "ఫోను నీ దగ్గర్నించి నాకు వచ్చి ఉంటే నేనూ ఆ మాటే అనేవాణ్ణి. నా నాలిక మీద అది ఎన్నాళ్ళనించో సిద్ధంగా ఉంది. అందుకే ఇక నీ ముఖం చూడలేను. చూస్తే నా ముఖమే కనపడుతుంది."

వెళ్ళబోతూ ఆగి, జోగారావు కాళ్ళకి చెప్పులు లేవని గమనించి, తనవి విడిచి అతని ముందుకు తోశాడు. "నేల కాలిపోతోంది, వేసుకో," అని వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

వేసవి వచ్చింది. యోజని ముగ్గురి పేర్లూ ఖాయం చేసింది. ముగ్గురూ బతికే ఉన్నారు, ముగ్గురి గుండెలూ కొండల ఎత్తుకు తట్టుకుంటాయి. దాని లెక్కలో పొరపాటు లేదు. ప్రయాణం రోజున విమానం మూడు ఖాళీ సీట్లతో ఎగిరింది. ఎన్నో ఏళ్ళుగా ఖాళీ సీటు ఎరగని విమానం అది. కారణం చెప్పమని యోజని అడిగింది. జోగారావు గోడ మీద తుండుగుడ్డ కప్పాడు.

హైమవతి అక్క పోయిన రోజు నుంచి ఆ 'హమ్మయ్య' గురించి ఒక్క మాటా అనలేదు. వండి పెట్టేది, అతని మాత్రలు గుర్తుచేసేది. ఎదురుగా కూర్చోవడం మాత్రం మానేసింది. ప్రయాణం రోజు సాయంత్రం మొదటిసారి కాఫీ రెండు గ్లాసుల్లో తెచ్చి, అతని పక్కన బల్ల మీద కూర్చుంది. గ్లాసు అందుకోబోతూ అతను ఆమె మణికట్టు చూశాడు. నాడికంకణం లేదు. అది ఉండే చోట చర్మం పసిపిల్ల చర్మంలా తెల్లగా ఉంది.

"ఎందుకు తీసేశావు హైమా?"

"మీరూ తీసెయ్యండి," అంది. "నేను పోయే రోజు మీకు ముందుగా తెలియకూడదు. తెలియకుండా పోతే ఏడుస్తారు."

హైమవతి తన కొంగుతో గ్లాసు అంచు తుడిచి అతని చేతిలో పెట్టింది.

"తాగండి, చల్లారిపోతోంది."