కిల్కెన్నీ దారిలో ఇషాపూర్ తుపాకి

"ప్రసాద్ గారూ, ఒక మనిషిని చంపడానికి ఒక తుపాకి బాగుచేయాలి. మీరే చేయాలి."

చంద్రకళ ఆ మాట కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. శాండీఫోర్డ్‌లో లువాస్ అనే ఊరి రైలు ఆగే స్టాప్ దగ్గర బెంచీకి ఆ చివర ఆవిడ, ఈ చివర హనుమత్ప్రసాద్. చూసేవాళ్లకు ఆవిడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ లీడర్. నిజానికి ఢిల్లీ రహస్య శాఖకు డబ్లిన్‌లో ఏజెంట్లను నడిపే కంట్రోలర్. అది రెండువేల ఇరవై ఒకటి, ఫిబ్రవరి. ఊళ్లకు ఊళ్లే మూతికి గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాయి. గూఢచారులకు మారువేషాల బాధ తప్పింది.

"టార్గెట్ ఎవరు మేడమ్?"

"డాక్టర్ గిరిజాకుమారి. నకిలీ టీకాలు అమ్మే విదేశీ ముఠా గుట్టు ఆవిడకు తెలుసు. త్వరలో కోర్టులో సాక్ష్యం చెబుతుంది. ఈలోగా కిల్కెన్నీ ఊళ్లో ఆవిడ భర్త కోవిడ్‌తో పోయారు. శవం వెనక ఆవిడ వీధిలోకి నడిచి వచ్చినప్పుడు కాల్చేస్తారు. ముఠా నాయకుణ్ణి కర్నల్ అంటారు, ఇండియాలో చాలా ఏళ్లు ఉన్నాడు. కాల్చేది వాడే."

"ఇక్కడి పోలీసులున్నారుగా, ఆ గార్డులను ఇప్పుడే పట్టుకోమనండి."

"ఏ నేరం కింద? తుపాకితో సహా దొరకాలి. వాడికి ఇండియన్ ఆర్మీ పాత తుపాకే కావాలి. చంపి అక్కడే పడేసి పోతే నింద మన దేశం మీద పడుతుంది. ఒకటి సంపాదించాడు. అసలుదో కాదో చెప్పి బాగుచేసే మనిషి కోసం చూస్తున్నాడు. మీరు ఆర్మీలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చేశారని వాడి చెవిన వేశాం."

"బాగుచేస్తే పేలుతుంది కదమ్మా."

"ముందు టెస్ట్ చేస్తాడు. అప్పుడు పేలాలి. ఆ రోజు పేలకూడదు."

రైలు వచ్చింది. చంద్రకళ లేస్తూ ఒక మాస్కుల పెట్టె బెంచీ మీద వదిలింది. "కుట్టు లోపల మైక్ ఉంది. దయచేసి ఉతక్కండి. ఇంకో మాట, ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరన్నది మీకు చెప్పను."

క్లాండాల్కిన్‌లో లాక్‌డౌన్‌కి మూతపడిన ఫర్నిచర్ షెడ్డులో తుపాకిని ఆయన ముందు పెట్టారు. కొయ్యకు ఎవరో నల్లరంగు పూశారు. గొట్టం నిండా తుప్పు. కర్నల్ పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. ఏ దేశంవాడో మాటను బట్టి చెప్పలేం. పక్కన తెల్ల కోటు, ఎర్ర మాస్కు వేసుకుని ఒక అందగత్తె. పేరు మారియా అనీ, లిస్బన్ నుంచి వచ్చిందనీ చెప్పాడు కర్నల్.

"బ్రిటిష్ త్రీనాట్‌త్రీ అని అమ్మాడు వాడు. నాకు ఇండియాది కావాలి," అన్నాడు కర్నల్.

హనుమత్ప్రసాద్ తూటాలు నింపే మ్యాగజైన్ మీద వేలు పెట్టాడు. "త్రీనాట్‌త్రీకి ఇక్కడ ఏటవాలుగా ఉంటుంది. దీనికి అగ్గిపెట్టెలా చదరంగా ఉంది చూడండి. ఇది సెవెన్ సిక్స్‌టూ తూటా తుపాకి. ఇండియాలో ఇషాపూర్ ఆయుధ ఫ్యాక్టరీలో చేసింది. మీరు తెచ్చిన తూటాలు దీనికి పట్టవు."

బోల్టు వెనక తుప్పు గీకితే ఫ్యాక్టరీ ముద్ర బయటపడింది. కర్నల్ నవ్వాడు. హనుమత్ప్రసాద్ నవ్వలేదు. పడుచు వయసులో ఇలాంటివి ఎన్నో ఆయన చేతుల మీదుగా సరిహద్దుకు వెళ్లాయి.

పని నెమ్మదిగా సాగింది. నల్లరంగు ఊడదీశాడు. ఎండిన కొయ్యకు అవిసె నూనె పట్టించాడు. గొట్టంలో కిరసనాయిలు పోసి ఇత్తడి బ్రష్షుతో తుప్పు లాగాడు. తుపాకి ఎంత తేరుకుంటే ఆయనకు అంత దిగులేసింది. సరైన తూటాలు తెప్పించి విక్లో కొండల్లో పాడుబడ్డ క్వారీలో టెస్ట్ చేశారు. చక్కగా పేలింది.

"ఇక శుభ్రం చేసి ఇచ్చెయ్," అంటూ కర్నల్ ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. కన్ను ఆర్పడే!

నేల మీద కంబళి పరిచి, తుపాకి పెట్టి, బోల్టు ఊడదీసి పక్కన పెట్టాడు హనుమత్ప్రసాద్. సరిగ్గా అలాంటి బోల్టే ఇంకొకటి, చంద్రకళ సంపాదించి పంపినది, ఆయన ఏప్రాన్ జేబులో ఉంది. తూటాను కొట్టి పేల్చే దాని ఫైరింగ్ పిన్ మొన అరగదీసి ఉంది. అది తూటాను తాకదు. మార్చడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణమే దొరకడం లేదు.

మారియా కర్నల్‌కి కాఫీ తెస్తూ కంబళి పక్కగా నడిచింది. బూటు తుపాకి మడమకు తగిలింది. వెంటనే వంగింది. తుపాకిని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

కర్నల్ చూపు ఆమె మీదికి తిరిగింది. హనుమత్ప్రసాద్ చెయ్యి జేబులోకి వెళ్లి వచ్చింది. బోల్టు మారిపోయింది.

"ఏమిటది?" అన్నాడు కర్నల్ ఇంగ్లీషులో.

"నడుం నొప్పి. యోగా," అంది మారియా.

"గ్రాండ్," అని, బాగుందనడానికి ఇక్కడివాళ్లనే మాటతో, కాఫీ అందుకున్నాడు.

కర్నల్ ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లగానే హనుమత్ప్రసాద్ తల ఎత్తకుండానే తెలుగులో అడిగాడు. "ఏ ఊరమ్మా మనది?"

"కరీంనగర్, అంకుల్. నా పేరు సుధేష్ణ."

"ఏంది తల్లీ ఆ పని? వాడు ఇండియాలో చాలా ఏళ్లు ఉన్నోడు. యోగా అంటే నమ్ముతాడా? నా మాట విని ఈ పూటే వెళ్లిపో."

"నేను పోతే ప్లాన్ మారుస్తడు, అంకుల్. ఇంకో తుపాకి తెస్తడు. అది మీ చేతికి రాదు. గా డాక్టరమ్మ పోతది."

ఆయన బోల్టు బిగించి తుపాకిని కంబళిలో చుట్టాడు.

అంత్యక్రియల రోజు కిల్కెన్నీలో సన్నటి వాన. పదిమందికి మించి లోపలికి రానివ్వరు కాబట్టి ఇరుగుపొరుగు వీధికి రెండు వైపులా దూరం దూరంగా నిలబడ్డారు. శవవాహనం మనిషి నడకతో సాగుతోంది. వెనక గిరిజాకుమారి ఒక్కతే, గొడుగు లేకుండా. పట్టుకోవడానికి భుజం ఇచ్చేవాళ్లు లేరు.

వరసలో మామూలు బట్టల్లో గార్డులున్నారు. అందరి కళ్లూ మూతపడిన బేకరీ మేడ మీదే. కర్నల్ అక్కడే ఉంటానన్నాడు. హనుమత్ప్రసాద్ ఆ కిటికీనే చూస్తున్నాడు. కిటికీ ఖాళీగా ఉంది! వాడు చోటు మార్చాడు.

చంద్రకళ ఇచ్చిన ఇయర్‌ఫోన్ చెవిలో గరగరలాడింది. సుధేష్ణ మాస్కులోని మైక్‌లోంచి గొంతు.

"అంకుల్, బేకరీ కాదు! ఎదురుగ మూసిన పబ్బు! ఎర్ర తలుపు, పై అంతస్తు!"

దాచకుండా గట్టిగా తెలుగులో అరిచింది. పక్కన కర్నల్ ఉండగానే.

గార్డులు పరుగెత్తారు. పబ్బు మేడ మీద తెర సందులోంచి గొట్టం బయటికి వచ్చింది. గిరిజాకుమారి దానికి ఎదురుగా వచ్చింది.

టక్!

బోల్టు లాగిన చప్పుడు ఆయన చెవిలో స్పష్టంగా వినిపించింది. మళ్లీ టక్!

ఆ తర్వాత ఒక పేలుడు. అది పిస్టల్. పిస్టల్‌ను హనుమత్ప్రసాద్ ముట్టుకోలేదు.

ఎర్ర తలుపు విరిగింది. కర్నల్ తుపాకితో సహా దొరికాడు. వీధిలో గిరిజాకుమారి తల తిప్పలేదు. ఆమె లోకమంతా ఆ నల్లబండిలోనే ఉంది.

పై గదిలో సుధేష్ణ గోడకు ఆనుకుని ఉంది. తెల్ల కోటు తడిసిపోయింది. ఆయన పక్కన కూలబడి ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు. దూరం పాటించమని ఎవరూ అనలేదు.

"డాక్టరమ్మ?"

"నడుస్తోంది తల్లీ. అదిగో, వీధి చివరికి పోయింది."

"మంచిగైంది."

"అమ్మాయ్, ఆ రోజు తుపాకికి కాలు కావాలనే తగిలించావా? నా కోసమేనా?"

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. ఎర్ర మాస్కు వెనక నవ్విందో, నొప్పితో పళ్లు కరుచుకుందో ఆయనకు తెలియలేదు. మాస్కు తీసి చూసేసరికి ఊపిరి లేదు.

అంబులెన్సు వెళ్లిపోయాక చంద్రకళ ఫోన్ చేసింది. తుపాకి దొరికిందని విని పెట్టేసింది. సుధేష్ణ గురించి కరీంనగర్‌లో ఎవరికి కబురు చెయ్యాలో, ఏ పేరుతో చెయ్యాలో ఆవిడ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

గార్డు ఇన్‌స్పెక్టర్ ఇషాపూర్ తుపాకిని రెండు చేతుల మీదా పట్టుకుని వెలుతురులోకి తెచ్చాడు. కొయ్య నిగనిగలాడుతోంది.

"ఇంత అందంగా బాగుచేశావు," అన్నాడు ఆశ్చర్యంగా, "మరి పేలలేదేం?"

"పేలడమే దాని జబ్బు సార్," అన్నాడు హనుమత్ప్రసాద్ చేతులు తుడుచుకుంటూ. "నయం చేశాను."