ఎడమ స్పీకరు కాస్త దగ్గరగా

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా తమ్ముడు తెచ్చిన స్పీకర్ల పెట్టెను మంచం కింద నుంచి బయటికి లాగాను. వాడు పోయి అప్పటికి ఎనిమిది వారాలు. పెట్టె మీద వేలెడు దుమ్ము. అంటించిన టేపు అంటించినట్టే ఉంది.

మా తమ్ముడిది స్పీకర్లు బిగించే పని. ఇళ్ళల్లో, దుకాణాల్లో, పెద్ద పెద్ద హాళ్ళల్లో ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళేవాడు. తోటి పనివాళ్ళు వాణ్ణి 'సౌండు' అని పిలిచేవాళ్ళు. మా అమ్మకు మాత్రం వాడు చిన్నోడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. మా ఆయన మందులు అమ్మే ఉద్యోగంలో వారానికి నాలుగు రోజులు ఊళ్ళు తిరుగుతుంటాడు. అందుకని ఇంట్లో ఎక్కువగా నేనూ అమ్మా, అంతే.

అమ్మకు కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి సగం పనిచేస్తుంది. ఆ కుడి చెవి దగ్గరే మా గొడవంతా మొదలైంది. చీము పట్టి నొప్పి చేసినప్పుడు, పొద్దున్నే వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు తమ్ముడు. ఏదో పని తగిలి రాలేదు. రేపన్నాడు. ఆ రేపు నాలుగు రోజులైంది. అప్పటికే లోపలంతా పాడైపోయిందన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం ఆస్పత్రి మెట్ల మీదే వాణ్ణి కడిగేశాను. "నీ వల్లే అమ్మ చెవి పోయింది. ఇక నా గడప తొక్కకు" అన్నాను. వాడు తల దించుకుని నిలబడ్డాడు. ఎదురు మాట్లాడే రకం కాదు.

నాలుగు నెలలు రాలేదు. అమ్మకు ఫోన్లో మాట వినపడదు కాబట్టి వాళ్ళిద్దరి మధ్య కబుర్లన్నీ నేనే మోసేదాన్ని. నేను ఏది చెబితే అదే. "చిన్నోడు ఎందుకు రావడం లేదే?" అని అమ్మ అడిగినప్పుడల్లా "పనుల్లో ఉన్నాడట" అనేదాన్ని. "పెద్దోడైపోయాడులే" అనేది అమ్మ.

ఒక ఆదివారం వచ్చాడు. నాలుగుసార్లు గంట కొట్టాడు. తలుపుకున్న కంతలోంచి చూశాను. చంకలో ఈ పెట్టె. చొక్కా ఇస్త్రీ చేసుకుని, తల దువ్వుకుని, ఉద్యోగం ఇంటర్వ్యూకొచ్చిన వాడిలా ఉన్నాడు. "అక్కా, ఒక్కసారి అమ్మను చూసి వెళ్ళిపోతా" అన్నాడు. గడియ మీద నా చెయ్యి ఉంది. తియ్యలేదు. పక్క గదిలో అమ్మ బట్టలు మడతపెట్టుకుంటోంది. ఆమెకు గంట వినపడలేదు. పది నిమిషాలు నిలబడి, పెట్టెను ఎదురింటి టైలరు దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు నేనే తెచ్చి, విప్పకుండా మంచం కిందికి తోశాను.

రెండు వారాలకు ఏదో హాల్లో పైకప్పు దగ్గర స్పీకరు బిగిస్తుంటే ఇనుప నిచ్చెన జారింది.

వాడు వచ్చి వెళ్ళిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. టైలరుకైతే అది ఎవరి పెట్టో, ఎందుకిచ్చారో కూడా తెలియదు.

ఎనిమిది వారాలుగా అమ్మ ఒకటే అడుగుతోంది. "నీ ఫోన్లో వాడి గొంతు ఎక్కడైనా ఉందేమో చూడవే. ఒక్కసారి విని చచ్చిపోతాను." పాతది ఒకటి వెతికి ఆమె ఎడమ చెవికి ఆనించాను. కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టేసి, "దోమ తిరిగినట్టుంది. అది వాడో కాదో కూడా తెలియడం లేదు" అంది.

వాడి గొంతు నా ఫోన్లో ఇంకొకటి ఉంది. పెట్టె ఇచ్చి వెళ్ళిన సాయంత్రం పంపింది. తొమ్మిది నిమిషాల మెసేజి. నేను అప్పటిదాకా తెరవలేదు.

ఆ ఆదివారం వంటింట్లో నిలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.

"అక్కా, కోపం తగ్గాకే విను. తొందరేం లేదు. ఇవి అమ్మ కోసం. చిన్నవే, నీ షోకేసులో పట్టేస్తాయి. కానీ షోకేసులో పెట్టకు. గోడకు ఆనించకు కూడా, మూరెడు వదులు. ఆనిస్తే గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. అమ్మ కూర్చున్నప్పుడు ఆమె చెవి ఎంత ఎత్తులో ఉంటుందో, స్పీకరు పైన ఉన్న చిన్న గుండ్రటిది అంత ఎత్తులో ఉండాలి. రెండింటి మధ్య ఎంత దూరమో, ఒక్కొక్క దాన్నుంచి అమ్మ కుర్చీకి అంతే దూరం. దారం పెట్టి కొలువు, కళ్ళతో కొలవకు. నీ కళ్ళు అక్షరాలకే పనికొస్తాయి."

నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

"సరిగ్గా పెడితే స్పీకర్లు రెండూ మాయమైపోతాయక్కా. మాట్లాడే మనిషి సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నట్టుంటుంది. అక్కడ ఏమీ ఉండదు, ఉత్త గోడే. కానీ అమ్మకు ఆ మధ్య తెలియదు. మాట ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ ఉండాలి. పోన్లే. ఎడమ స్పీకరు కాస్త దగ్గరగా జరుపు. అమ్మకు అదే చాలు."

ఏడో నిమిషం దాటాక గొంతు తగ్గించాడు. "నేను వచ్చిన సంగతి అమ్మతో అనకు. తలుపు తియ్యలేదని తెలిస్తే నీ మీద బాధ పెట్టుకుంటుంది. తర్వాతెప్పుడైనా వస్తాలే." ఆపైన చివరిదాకా రోడ్డు మీద బండ్ల చప్పుడే. ఆపడం మర్చిపోయినట్టున్నాడు.

ఏడో నిమిషానికి ముందే ఆపేయాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

నాలుగింటికే మబ్బు కమ్మి గది చీకటైంది. వాన పట్టుకుంది. ఒకే ఎత్తున్న రెండు స్టూళ్ళు తెచ్చి, ఎత్తు చాలక ప్రెస్సు నుంచి తెచ్చిన పాత పుస్తకాలు వాటి మీద పేర్చాను. షూ పెట్టెలంతే ఉన్నాయి స్పీకర్లు. కొత్త ప్లాస్టిక్కు వాసన, దానితో పాటు తడిసిన గోడ వాసన. కుట్టుదారం తెంపి మూడు వైపులా కొలిచాను. రెండింటినీ కొంచెం లోపలికి, అమ్మ కుర్చీ వైపుకు తిప్పాను. ఎడమదాన్ని జానెడు ముందుకు జరిపాను.

అమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఏంటే ఇవి?"

ఎడమ చెవి దగ్గర వంగి, "చిన్నోడు నీకోసం కొన్నాడట. వాడి దోస్తు ఇచ్చి వెళ్ళాడు" అన్నాను. అంత నున్నగా అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మెసేజి పెట్టాను.

వాడు చెప్పినట్టే జరిగింది. స్పీకర్లు మాయమైపోయాయి. వాడి గొంతు రెండింటి మధ్య, గోడకు ముందు, మనిషి నిలబడితే నోరు ఉండే ఎత్తులో... అక్కడి నుంచి వచ్చింది. నేను అసంకల్పితంగా అటు చూశాను. ఖాళీ గోడ.

అమ్మ ముఖం వణికింది. రెండు చేతులూ కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. కళ్ళ నుంచి నీళ్ళు జారి గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. "వాడే" అంది. "వాడేనే. జలుబు చేసినట్టుంది గొంతు."

తర్వాత మెల్లిగా కుడి చెయ్యి ఎత్తింది. వేలు చాపింది.

"అదిగో" అంది.

ఎడమ స్పీకరును చూపించలేదు. సరిగ్గా మధ్యను చూపించింది.

ఒక్క చెవితో మధ్య తెలియదు. ఆ మాట అప్పుడే వాడే చెబుతున్నాడు, ఆ గదిలోనే... "అమ్మకు ఆ మధ్య తెలియదు..."

ఏడో నిమిషం వస్తోంది. ఫోను మీద వేలు పెట్టి ఆపేశాను.

గదిలో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

అమ్మ వేలు కిందికి దిగలేదు.

అలాగే గాల్లో ఉంది. కాసేపటికి... కదిలింది. మెల్లగా, కుడి వైపుకు. నడిచే మనిషిని చూపిస్తున్నట్టు. స్టూలు దాటింది. కిటికీ దాటింది. అమ్మ తల కూడా తిరిగింది. వినడానికి ఆమె ఎప్పుడూ ఎడమ చెవి ముందుకు పెడుతుంది. ఇప్పుడు కుడి చెవి పెట్టింది. చచ్చిపోయిన చెవి.

"ఊఁ" అంది. ఆగింది. "ఊఁ... అలాగా?"

"అమ్మా" అన్నాను. వినపడలేదు.

"ఎప్పుడు?" అంది అమ్మ. నాతో కాదు.

ఫోను చూశాను. ఆగే ఉంది. స్పీకరు మీద చిన్న దీపం వెలగడం లేదు. కరెంటు ఎప్పుడు పోయిందో కూడా నేను గమనించలేదు.

అమ్మ నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"గుమ్మం దాకా వచ్చాడటగా?" అంది.

నేను స్టూలు అంచు పట్టుకున్నాను.

"ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడట. నువ్వు తలుపు వెనకే ఉన్నావట."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి "తప్పైపోయిందమ్మా" అని ఎన్నిసార్లు అన్నానో. అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుగా, చల్లగా ఉంది.

"నాలుగు నెలలు వాడు నన్ను మరిచిపోయాడనుకున్నానే" అంది. "వాడు పోయిన రోజు పొద్దున కూడా తిట్టుకున్నాను. కన్నతల్లి నోటితో."

ఇద్దరం ఏడ్చాం. వాన ఎక్కువైంది. అమ్మ వేలు మళ్ళీ లేచింది. హాలు వైపు. వీధి తలుపు వైపు.

"వెళ్ళిపోతున్నాడే" అంది గుసగుసగా. "లోపలికి రాలేదట ఇంకా. గొంతే వచ్చిందట. అక్క తీస్తేనే వస్తాడట."

లేచాను. హాల్లో చీకటి. ఆరు అడుగుల హాలు ఆ రోజు ఎంత పొడుగ్గా ఉందో. తలుపుకున్న కంతలోంచి చూడాలనిపించింది... చూడలేదు. చూస్తే తియ్యలేనని తెలుసు. అవతల ఎవరూ నిలబడి లేకపోతే తట్టుకోలేను. నిలబడి ఉన్నా తట్టుకోలేను.

గడియ తీశాను.

ఖాళీ వరండా. మెట్ల మీద నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. వైర్లు అతికేటప్పుడు వాడి చేతుల నుంచి వచ్చే సీసం పొగ వాసన, సన్నగా.

"రా తమ్ముడూ" అన్నాను. "లోపలికి రా. అమ్మను చూడు."

చల్లటి గాలి నా పక్క నుంచి లోపలికి వెళ్ళింది. లోపల అమ్మ గట్టిగా ఒక్క ఏడుపు ఏడ్చింది, ఆ వెంటనే నవ్వింది. చిన్నప్పుడు వాడు బడి నుంచి ఆలస్యంగా వస్తే అలాగే చేసేది. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. వెయ్యబుద్ధి కాలేదు. ఒకసారి తియ్యక చేసుకున్న పాపం చాలు.

"చాలు. తలుపు వేసెయ్" అంది అమ్మ లోపల నుంచి.

నేను కదల్లేదు.

"వెయ్యవే" అంది మళ్ళీ. ఈసారి గొంతు మారింది. "తొందరగా వెయ్యి."

వేశాను.

ఆ రాత్రి అమ్మ హాయిగా పడుకుంది. మర్నాటి నుంచి తిండి కూడా సరిగ్గా తింది. "నీ మీద వాడికి కోపం లేదట" అని రెండుసార్లు చెప్పింది. రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని, కుడి చెవి పెట్టి, ఊఁ కొట్టేది. నేను స్పీకర్లు కదపలేదు. దారాలు కూడా తియ్యలేదు. నాకు ఏమీ వినపడేది కాదు. వినపడకపోయినా తలుపు దగ్గర నిలబడి ఏడ్చి వెళ్ళేదాన్ని. అమ్మ సంతోషంగా ఉంది, అది చాలనుకున్నాను.

మూడో వారం నా మాటలు అమ్మకు అసలు అందడం లేదనిపించి చెవుల పరీక్షకు తీసుకెళ్ళాను. పరీక్ష చేసిన అమ్మాయి కాగితం చూపించింది. రెండు చెవులూ పోయాయంది. ఎడమది కూడా. చాలా రోజులైంది, మీరు గమనించలేదా అంది.

ఇంటికి వచ్చాక అమ్మ కుర్చీలో కూర్చోలేదు. నా మంచం అంచున కూర్చుంది. అప్పటికి మేం నా ప్రూఫు కాగితాల వెనక రాసుకుని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. నేను రాస్తాను, ఆమె నోటితో చెబుతుంది.

'ఈరోజు చిన్నోడితో మాట్లాడవా?' అని రాశాను.

అమ్మ స్పీకర్ల గది వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"వారమైంది వాడు రాక" అంది. "ఇప్పుడు వస్తున్నది వాడు కాదే. ఆ గొంతే, ఆ జలుబే. అన్నీ వాడిలాగే చెబుతాడు. కానీ నన్ను అమ్మా అనడం లేదే."

ఇంకో కాగితం తీసుకుని రాశాను. 'మరి నిన్ను ఏమని పిలుస్తున్నాడు?'

అమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. నాలుగు మడతలు పెట్టింది. ఆ గది వింటుందన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుని, దాన్ని నా చేతిలో పెట్టి, గుప్పిట మూసింది.