తెల్లబోయిన పగడం

"ఆపండి! ముందా స్విచ్చి ఆపండి!"

స్టూలు మీద నిలబడి ఉన్న గిద్యోను ఉలిక్కిపడ్డాడు. చేతిలోని స్క్రూడ్రైవరు జారి గచ్చు మీద టంగుమని పడింది.

గుమ్మంలో ఒక అమ్మాయి. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. నవంబరు వాన ఆమె చున్నీని తడిపింది గాని కోపాన్ని తడపలేకపోయింది.

"గచ్చు తుడవాలంటే ఓ అరగంటాగి రామ్మా. పని జరగతా ఉంది," అన్నాడు గిద్యోను.

ఆమె గొడుగు గుమ్మంలోనే పడేసింది. నేరుగా వచ్చి గోడ మీది స్విచ్చి ఆపేసింది. హాలంతా ఒక్కసారిగా మబ్బు పట్టినట్టయింది.

"ఈ తొట్టి నాది," అంది అప్పుడు.

"హజరత్తయ్య గారిదని చెప్పినారే!"

"కొన్నది ఆయన. తొట్టి నాది."

చిల్లకూరు దగ్గర హైవే పక్కన హజరత్తయ్య కొత్తగా కడుతున్న చేపల హోటలు అది. ముప్పై ఏళ్ళు రొయ్యల చెరువులు చేసిన మనిషి. జనవరి నాలుగున ప్రారంభం. వచ్చినవాళ్ళు తలుపు తీయగానే నోరెళ్ళబెట్టాలని ముందు హాలులో పెద్ద గాజు తొట్టి కట్టించాడు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల లోతు. లోపల రాళ్ళ మీద, అనుమతి కాగితాలతో బయటి దేశపు పెంపక కేంద్రం నుంచి తెప్పించిన పగడాలు. ఉంగరంలో పొదిగే పగడం కాదు. పువ్వులా విచ్చుకుని, నీడ పడితే ముడుచుకునే ప్రాణం. దానికి వెలుగే అన్నం.

ఆ అన్నం పెట్టే పని నవోమిది. ఆ అమ్మాయి పేరు అదే. రొయ్యపిల్లల హేచరీలో, వాటికి మేతగా నాచు పెంచే గదిలో నాలుగేళ్ళు ట్యూబులైట్ల కింద పనిచేసి వచ్చింది. తొట్టి లోతు ఎక్కువ కావడంతో పాత లైట్ల వెలుగు అడుగు దాకా దిగడం లేదు. కింద రాళ్ళ మీది పగడాలు విచ్చుకోవడమే మానేశాయి. కొత్త లైట్లు కావాలని నెలరోజులు పోరింది ఆమే.

"మీరడిగితేనే గదా తెచ్చినాం?" అన్నాడు గిద్యోను స్టూలు దిగుతూ. అతను నెల్లూరులో లైట్ల కంపెనీ టెక్నీషియను. "మా స్టాకులో ఇంతకన్నా పవరున్న లైటు లేదు, తెలుసా?"

"పవరుంటే? మొదటిరోజే నూటికి నూరు పెట్టేస్తారా? సీడు సంచి తెచ్చి, చెరువులో తేలేయకుండా, పిల్లల్ని అట్టనే నీళ్ళలో కుమ్మరిస్తారా ఎవరన్నా?"

గిద్యోను తెల్లమొహం వేశాడు. టౌనులో పుట్టి పెరిగినవాడు.

"సీడంటే రొయ్యపిల్లలు సార్," అంది నవోమి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "హేచరీ నీళ్ళు వేరు, చెరువు నీళ్ళు వేరు. సంచిని కాసేపు చెరువు మీద తేలేస్తే పిల్లలు అలవాటు పడతాయి. అప్పుడు మూతి విప్పుతారు. తొందరపడితే తెల్లారేసరికి సగం చస్తాయి. వీటికీ అంతే. ఇరవైతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి ఒక గీత పెంచాల."

"ఇది లైటు మేడం. రొయ్య కాదు."

"మీ పేరేంది?"

"గిద్యోను."

ఆమె పెదవి చివర నవ్వు మెరిసి మాయమైంది. "బాగుండాది. బైబిల్లో గిద్యోను దివిటీని కుండలో దాచిపెట్టి, టైమొచ్చినాకనే కుండ పగలగొట్టినాడు. మీరేమో వచ్చీ రాంగానే పగలగొట్టినారు."

ఆదివారం బడిలో ఆ కథ ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఆ కుండ తన నెత్తి మీదే పగులుతుందని మాత్రం గిద్యోను ఎప్పుడూ అనుకోలేదు. నోరు మూసుకుని మీటను ఇరవైకి తిప్పాడు.

వారం గడిచింది. నవోమి తల్లి ఫ్లోరాకు కంటి ఆపరేషను. రెండు రోజులు నెల్లూరు ఆస్పత్రిలోనే ఉండాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ మిగిలిన లైట్లు బిగించడానికి గిద్యోను వస్తున్నాడు. "ముప్పై దాటొద్దు, దాటొద్దు" అని నవోమి అతనికి ఫోనులో పదిసార్లు చెప్పింది. జ్వరం బిడ్డను పక్కింట్లో వదిలి వెళ్ళిన తల్లిలా, ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నా ఆమె ప్రాణం తొట్టి దగ్గరే ఉంది.

మూడోరోజు పొద్దున హోటలు మెట్లెక్కుతుండగానే హజరత్తయ్య ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"రా నవోమీ, రా! చూడు ఎంత తెల్లబడిందో! బ్యూటీ పార్లరుకు పోయొచ్చినట్టు లేదూ?"

నవోమి గాజు దగ్గరికి పరుగెత్తింది. పై రాతి మీద, లేత పచ్చగా ఉండాల్సిన పెద్ద పగడం పాలిపోయి సుద్దముక్కలా ఉంది. ఆమె అరచేయి గాజుకు ఆనించింది. 

"అన్నా," అంది. "తెల్లబడడం వేరు, తెల్లబోవడం వేరన్నా. ఇది తెల్లబోయింది. దీని ఒంట్లో ఉండే నాచే దీనికి కూడు పెట్టేది. వెలుగు తట్టుకోలేక ఆ నాచునంతా కక్కేసింది."

ఆ మాటకు హజరత్తయ్య ముఖమూ తెల్లబోయింది. మరుక్షణమే ఎర్రబడింది.

"మా అల్లుడు మొదటినుంచీ చెప్తానే ఉండాడు, చదువు లేని పిల్లకి ఎందుకు ఇచ్చినావని. మద్రాసులో డిప్లొమా చేసినోడు ఉండాడంట. ప్రారంభానికి ఇది ఇట్టనే ఉంటే తొట్టి వాడికి అప్పజెప్తా. నువ్వు బిల్లు కౌంటర్లో కూర్చో."

నవోమి తల దించుకోలేదు. కళ్ళు మాత్రం నిండాయి.

"ఆమె తప్పు కాదు సార్."

స్టూలు పక్కన నిలబడి ఉన్న గిద్యోను ముందుకొచ్చాడు. "మీ వియ్యంకుడు గారొచ్చినప్పుడు బాగా కనపడాల, ఫుల్లు పెట్టమన్నారు మీరు. ఆమె వద్దని చెప్పిందని నాకు తెలుసు. అయినా తిప్పినా. ఆ చెయ్యి నాది."

హజరత్తయ్య దగ్గాడు. కండువా సర్దుకున్నాడు. "సరే, ఇద్దరూ కలిసి బతికించండి. జనవరి నాలుగు. మరిచిపోవాకండి," అని వంటింటి వైపు వెళ్ళిపోయాడు.

"ఎందుకు చెప్పినారు?" అంది నవోమి కళ్ళు తుడుచుకుంటూ. "మీ కంపెనీలో ఊరుకుంటారా?"

"ఊరుకోరు. తిడతారు. మీ మొహం చూసినాక ఆ తిట్లు తక్కువే అనిపించింది."

ఆమె తొట్టి వైపు తిరిగింది. చేతులు మోచేతుల పైదాకా కడుక్కుని, స్టూలెక్కి, తెల్లబోయిన పగడాన్ని రాయితో సహా రెండడుగులు కిందికి దించింది. నిద్రలో ఉన్న బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా.

"ఉసురుండాది," అంది. "కండ ఊడలేదు. బతుకుతుంది."

ఆ రోజు నుంచి గిద్యోను రోజు విడిచి రోజు మధ్యాహ్నం వచ్చేవాడు. ఒక మీటరు తెచ్చాడు. పొడవాటి ప్లాస్టిక్ పైపు చివర దాని కన్ను కట్టి నీళ్ళలోకి దించితే, ఏ లోతులో ఎంత వెలుగుందో అంకె చూపిస్తుంది.

"పైన పార్ నాలుగొందలు. అడుగున పార్ ముప్పై."

"పారడం ఏంది?"

"పారడం కాదు మేడం, పార్. మొక్కలకు పనికొచ్చే వెలుగుని కొలిచే లెక్క."

"మాకు పారేది కాలవ నీళ్ళే. అయినా సరిపోయింది లెండి. మొదటి వరి కయ్యలో నీళ్ళు నిండి పొర్లుతుండాయి, చివరి కయ్య ఎండుతుంది. మీ లైటు పారడం కూడా అట్టనే ఉండాది."

గిద్యోను నవ్వబోయి ఆగిపోయాడు. లైటు కింద ఉన్న గాజు కటకాల వైపు చూశాడు. వెడల్పు కటకాలు. వెలుగంతా పైపైనే పక్కలకు చెదిరిపోతోంది.

"తప్పు పవరులో లేదు," అన్నాడు నెమ్మదిగా. "ఎంత పెంచినా పైవాటిని కాల్చడమే. కటకాలు మార్చాల. ఇరుకువి పెడితే వెలుగు చెదరకుండా నిట్టనిలువునా కిందికి దిగతాది."

"చివరి కయ్యకి విడిగా కాలవ తీసినట్టు."

"అదే! ఆ మాటే నాకు మూడేళ్ళ డిప్లొమాలో ఎవరూ చెప్పలేదు."

కటకాలు మద్రాసులో దొరికాయి. కొరియరును నమ్మక గిద్యోను తానే బస్సెక్కి వెళ్ళి తెచ్చాడు. కొత్త వెలుగు ఒక్కసారిగా పడకుండా మొదటి నాలుగు రోజులూ తొట్టి మీద నవోమి నారుమడి ఆకుపచ్చ వల కప్పింది. హజరత్తయ్యకు తెల్లటి వెలుగు కావాలి, పగడానికి నీలం కావాలి. ఆ గొడవా ఆమే తీర్చింది.

"అన్నా, పగలంతా నీలం ఎక్కువ పెడతా. భోజనాల వేళ రెండు గంటలు కాస్త తెలుపు కలుపుతా. మీ కస్టమర్లు తినేటప్పుడు మీది, మిగతా టైములో దానిది."

ఒకరోజు వాన పట్టుకుంది. హైవే మీద లారీలు దీపాలు వేసుకుని ఈదుతున్నట్టు పోతున్నాయి. ఇద్దరూ వసారాలో నిలబడ్డారు. చూరు నీళ్ళు పడే చోట ఆమె అరచేయి చాచింది. అతను చూసింది వానని కాదు.

"ఎందాకా చదివినారు?" అడిగాడు.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. "ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ ఏడే మా నాయన పోయినాడు. ఆపేసి హేచరీలో చేరినా. చాలా? ఇంకేమన్నా రాసుకుంటారా?"

"అట్టా అడగలేదు."

"అందరూ అట్టనే అడగతారు."

"నేనెందుకు అడిగినానంటే," అన్నాడు గిద్యోను, వానలోకి చూస్తూ, "ఇంత తెలిసినామెకి ఎవరు పాఠం చెప్పినారో ఆ పంతులు కాళ్ళకు దండం పెడదామని."

"పంతులు కాదు. నాచు." ఆమె నవ్వింది. "లైటు ఎక్కువైతే పసుపు, తక్కువైతే నలుపు. పొద్దున్నే సీసాలు చూసి తెలుసుకోకపోతే మధ్యాహ్నానికి తిట్లు. అట్టా వచ్చింది చదువు."

డిసెంబరులో ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు వేలాడాయి. నవోమి వాళ్ళ నక్షత్రంలో బల్బు పోయిందని విని గిద్యోను నెల్లూరు నుంచి ప్రత్యేకంగా వచ్చాడు. నిచ్చెన మీద నుంచి, "ఎంత వెలుగు పెట్టాల మేడం? మీరే చెప్పండి, మళ్ళా కుండ పగలగొట్టినానంటారు," అన్నాడు.

అతను వెళ్ళాక, నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న ఫ్లోరా అడిగింది. "ఆ పిల్లోడు వచ్చింది బల్బుకా, నీకా?"

"బల్బుకే అమ్మా."

"నక్షత్రం అటుంటే ఇటు చూస్తాడేంది? నాకు ఆపరేషనైంది ఒక్క కంటికేలే."

జనవరి నాలుగు వచ్చింది.

హాలు నిండా జనం. వియ్యంకులు, చెరువుల వాళ్ళు, నెల్లూరు కాలేజీ నుంచి జీవశాస్త్రం లెక్చరరు క్యాథరిన్ గారు. ఒక మూల మద్రాసు డిప్లొమా అతనూ ఉన్నాడు. అల్లుడే పిలిపించాడు.  నవోమి పొద్దున నాలుగుసార్లు తొట్టి చూసింది, ఐదోసారి చూసే ధైర్యం లేక స్తంభం పక్కన తల్లి చేయి పట్టుకుని నిలబడింది.

హజరత్తయ్య తెర లాగాడు.

అడుగు రాళ్ళ మీద, నెలల తరబడి ముడుచుకున్న పగడాలు పూర్తిగా విచ్చుకుని ఊగుతున్నాయి. ఊదా, నారింజ, పచ్చ. తెల్లబోయిన పెద్ద పగడానికి రంగు ఇంకా పూర్తిగా రాలేదు. అంచుల చుట్టూ మాత్రం లేత పచ్చ గీత పాకింది.

మద్రాసు అతను గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. "బ్లీచ్ అయి తిరిగొస్తా ఉంది సార్. ఇంత లోతులో ఇట్టా కుదరడం కష్టం. దీన్ని చూసేవాళ్ళని మార్చొద్దు," అన్నాడు.

క్యాథరిన్ గారు నవోమి వైపు తిరిగారు. "నువ్వేనా అమ్మా? ఏం చదివావు?"

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. 

"ఇంటర్ మొదటి సంవత్సరంతో ఆపేసినా మేడం," అంది నవోమి.  "ఈ తొట్టి మాత్రం పూర్తిగా చదివినా."

క్యాథరిన్ గారు చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. నల్లద్దాల కింద నుంచి ఫ్లోరా చెంప మీదికి ఒక చుక్క జారింది. ఆమె తుడుచుకోలేదు. నలుగురూ చూడాలన్నట్టు అలాగే నిలబడింది.

ఫోటోలు మొదలయ్యాయి. హజరత్తయ్య చేయి అలవాటు కొద్దీ లైట్ల మీట వైపు వెళ్ళి, గాలిలోనే ఆగింది. పెద్దమనుషులందరి ముందూ వెనక్కి తిరిగి అడిగాడు. "నవోమమ్మా, ఫోటోకి ఒక్క గీత పెంచనా?"

"వద్దన్నా."

"ఇన్నారుగా! వద్దంట!" హజరత్తయ్య గర్వంగా అల్లుడి వైపు చూశాడు. "ఈ మీట మీద చెయ్యెయ్యాలంటే ఇకమీదట నేనైనా ఆమెనే అడగాల. తొట్టి ఆమెది."

అందరూ భోజనాలకు కదిలారు. గిద్యోను ఫ్లోరా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసింది.

"వందనాలమ్మా. ఒకమాట. ఈ ఆదివారం మా అమ్మని మీ చర్చికి తీసుకొని రానా? మీతో మాట్లాడాలంట. మా... నా సంగతి."

"మాకు అల్లుడు కాబోయేవాడికి ముప్పై ప్రశ్నలు వేయాలనుకున్నా," అంది ఫ్లోరా. "ఒక్కటీ అడగకముందే చెమటలు పట్టినాయి పాపం. నన్నడుగుతావేంది అబ్బయ్యా? వాళ్ళ ఓనరే ఆమెని అడగతా ఉండాడు."

గిద్యోను తిరిగి చూశాడు. నవోమి గాజు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. నీలం వెలుగులో చెవులు ఎర్రబడ్డాయో లేదో తెలియలేదు.

"నవోమి గారూ..."

"ఆరాధన తొమ్మిదికి," అంది ఆమె, తిరగకుండానే. "ముందు వరసలో మీ అమ్మకి చోటు పట్టాల గదా. ఎనిమిదిన్నరకే తీసుకొని రా."

రండి అనలేదు. రా అంది.

గిద్యోను ఆ ఒక్క అక్షరాన్ని చెవిలోనే పెట్టుకుని, భోజనం సంగతి మరిచిపోయి, నెల్లూరు దాకా బండి నడిపాడు.