గీత పక్కన కుర్చీ

పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడు పెళ్ళికూతుర్ని చూడాలి. లోకంలో అందరూ చేసే పని అదే. ఆంజనేయప్రసాద్ మాత్రం ఒళ్ళో పెట్టుకున్న ఫోను చూస్తున్నాడు.

అదీ దొంగచూపు. ఫోను మీద జేబురుమాలు కప్పి, ఒక కొస ఎత్తి చూసుకుంటున్నాడు. కాఫీ ఇవ్వడానికి వంగిన శ్రీదుర్గకి ఆ కొస కింద ఫ్లోరికా అన్న పేరూ, పక్కనే ఎర్రటి హృదయం బొమ్మా కనిపించాయి.

శ్రీదుర్గ రాజోలులో ఓ ప్రైవేటు స్కూల్లో పీఈటీ. ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతుంది. ఫౌల్ కంటపడితే విజిల్ వెయ్యకుండా ఉండటం ఆమెవల్ల కాదు. చేతిలో విజిల్ లేదు కాబట్టి కాఫీ కప్పు కాస్త గట్టిగా పెట్టింది. సగం సాసర్లోకి తొణికింది.

అసలు ఈ సంబంధం ఆమెకి మొదట్నుంచీ ఇష్టం లేదు. కుర్రాడిది రాయవరం, మంచి కుటుంబమే. కానీ ఉద్యోగం రొమేనియాలో, పేరు పలకడానికి నోరు తిరగని చిన్న ఊళ్ళో, బ్రెడ్డు ఫ్యాక్టరీలో. శ్రీదుర్గ తండ్రి కాశీవిశ్వనాథం గారు మస్కట్‌లో పనిచేసినన్నాళ్ళూ తల్లి రామలక్ష్మి ఫోనుతోనే కాపురం చేసింది. జ్వరమొచ్చినా ఫోనే, పండగొచ్చినా ఫోనే. అలాంటి మొగుడు తనకి వద్దని శ్రీదుర్గ ఎప్పుడో తీర్మానించుకుంది. వీడెవడో ఎదురుగా కూర్చుని కూడా ఫోన్లోనే ఉన్నాడు. ఇక చెప్పేదేముంది.

పిల్లలిద్దర్నీ కాసేపు మాట్లాడుకోనిమ్మని పెద్దలు పెరటి అరుగు మీదికి పంపారు. అప్పుడే తొలకరి వాన అందుకుంది. కొబ్బరాకుల మీద ఒకటే చప్పుడు.

"ఫ్లోరికా ఎవరండీ?" అంది శ్రీదుర్గ, కూర్చోకుండానే.

అతను తడబడ్డాడు. "చూసేరా అండీ?"

"పేరూ చూసేను, పక్కనున్న బొమ్మా చూసేను. మీరు ఆవిడతోనే మాట్లాడుకోండి. మా నాన్నగారికి నేను చెప్పుకుంటాను."

"ఆవిడకి డెబ్బై ఏళ్ళండి. మా క్లబ్బు వాళ్ళ జెర్సీలు ఉతుకుతారు," అన్నాడతను, ప్రాణం మీదికి వచ్చినట్టు. "ఇవాళ మాకు ఆఖరి మ్యాచ్ అండి. డ్రా అయినా చాలు, ఓడితే మటుకు కింది లీగులోకి పోతాం. నా బదులు కూడా అరవమని చెప్పేను. సరేనని ఆ బొమ్మ పెట్టేరు."

మ్యాచ్ అన్న మాట వినగానే శ్రీదుర్గకి సగం కోపం పోయింది. మిగిలిన సగం కోపంతో, ఏదీ చూపించండి అంది.

చూపించాడు. గీత పక్కనుంచి ఎవరో ఫోనుతో తీస్తున్న లైవ్ అది. గడ్డి సగం, మట్టి సగం ఉన్న గ్రౌండు. వెనక మొక్కజొన్న చేను. బంతి చేలో పడితే ఆటగాళ్ళే వెళ్ళి వెతుక్కుంటున్నారు. జెర్సీల మీద గోధుమ కంకి బొమ్మ. స్టాండ్లూ గీండ్లూ ఏమీ లేవు. ఊరివాళ్ళు ఇళ్ళనుంచి తెచ్చుకున్న కుర్చీలు గీత పొడవునా వేసుకుని కూర్చున్నారు. వీళ్ళ గోల్‌కీపర్‌కి చిన్న బొజ్జ కూడా ఉంది.

"ఆయన పోస్ట్‌మాన్ అండి," అన్నాడు ప్రసాద్ గౌరవంగా.

"అందుకేనా, వచ్చిన బంతి వచ్చినట్టు లోపలికి చేరవేస్తున్నారు?"

అతను నవ్వాపుకోలేకపోయాడు. ఆమె కూడా నవ్వి, నవ్వినందుకు తన మీద తనే విసుక్కుంది. వాన జల్లు అరుగు మీదికి కొడుతోంది. ఇద్దరూ గోడవారకి జరిగారు. ఫోను ఒక్కటే కాబట్టి దగ్గరగానే కూర్చోవాల్సి వచ్చింది.

కాసేపటికి ఆమె కంట మరొకటి పడింది. అంతమంది మధ్యలో ఎర్ర కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. పక్కనే ఓ పెద్దాయన నిలబడి ఆట చూస్తున్నాడు గానీ దాంట్లో కూర్చోవడం లేదు.

"ఆ కుర్చీ ఎవరిదండీ?"

"నాదేనండి."

మెల్లగా మిగతాదీ చెప్పుకొచ్చాడు. వెళ్ళిన మొదటి చలికాలం, కూడా వచ్చినవాళ్ళంతా వేరే దేశాలకి వెళ్ళిపోతే, గదిలో ఒక్కడే మిగిలాడట. ఓ ఆదివారం పల్చటి జాకెట్టుతో కంచె బయట నిలబడి మ్యాచ్ చూస్తుంటే ఫ్లోరికా వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మేజోళ్ళు ఆరేసిన పొయ్యి పక్కన కూర్చోబెట్టి వేడి సూపు పోసింది. ఆమె మాట అతనికి రాదు, అతని మాట ఆమెకి రాదు. మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాడు. ఊరికే తినడమెందుకని గ్రౌండు మీద సున్నపు గీతలు వెయ్యడం మొదలుపెట్టాడు. తల్లి వేసే ముగ్గు చూస్తూ పెరిగినవాడు, గీత ఎక్కడా వంకరపోలేదు.

ఏడాది తిరిగేసరికి క్లబ్బువాళ్ళు అతనికో కుర్చీ ఇచ్చారు. మావాడు అనుకున్న మనిషికే అక్కడ కుర్చీ ఇస్తారు. వీపు మీద ఎవరి పేరు వాళ్ళే వచ్చి రంగుతో రాసుకోవాలి. అతను తెలుగులో రాసుకున్నాడు. మనిషి ఊళ్ళో లేకపోయినా మ్యాచ్ రోజున కుర్చీ వేస్తారు, ఇంకెవరూ కూర్చోరు.

శ్రీదుర్గ ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషుల్ని చాలామందిని చూసింది. ఓ గిన్నెడు సూపుకి ఇన్నాళ్ళు విశ్వాసంగా ఉన్నవాణ్ణి చూడటం ఇదే మొదలు. అతని మీద ఇష్టం కలిగింది. కలిగిందని ఆమెకే తెలిసి, కొంచెం భయమేసింది కూడా.

ఆట ముగుస్తుందనగా పోస్ట్‌మాన్ గారు ఇంకో బంతి చేరవేశారు. క్లబ్బు ఓడిపోయింది. ప్రసాద్‌కి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఇందాకటి జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

"మా పిల్లలకి చెప్తూంటానండి, పడిపోయిన జట్టుకి వచ్చే ఏడు ఆకలెక్కువని," అంది శ్రీదుర్గ. ఆ తర్వాత, అడగాల్సింది అడగడానికి ఇంతకంటే మంచి సమయం రాదనిపించి అడిగేసింది. "మా అమ్మ ఫోనుతో కాపురం చేసిందండి. నాకు అలాంటిది వద్దు. ఏ ఊరైనా సరే, ఇద్దరం ఒక్కచోటే ఉండాలి. ఏవంటారు?"

"నాకూ అదేనండి. మా అమ్మతో ముందే చెప్పేను. మీకు వీసా వస్తే ఇద్దరం వెళ్దాం. రాకపోతే నేనిక్కడే ఉండిపోతాను," అన్నాడతను. "ఒక్కణ్ణీ ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసునండి. ఆ కష్టం మీకు పెట్టను."

ఇంతలో ఫోను మోగింది. ఫ్లోరికా నుంచి వీడియో కాల్. తలకి గుడ్డ కట్టుకున్న ముసలావిడ ఏడుస్తూ ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ అతని భుజం పక్కన శ్రీదుర్గని చూసి ఆగిపోయింది. ఏదో అడిగింది. ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళ భాషలోనే నెమ్మదిగా జవాబు చెప్పాడు.

ఆవిడ ఫోను ఎవరికో ఇచ్చి వెళ్ళింది. గ్రౌండు పక్కనే ఆవిడ ఇల్లట. కాసేపటికి వంటింటి కుర్చీ ఒకటి రెండు చేతులా మోసుకుంటూ వచ్చింది. తెచ్చి ఎర్ర కుర్చీ పక్కన వేసి, తన ఏప్రన్‌తో దాన్ని శుభ్రంగా తుడిచింది. తుడిచి, శ్రీదుర్గ వైపు చూసి తలూపింది.

గుమ్మం దాకా వచ్చిన ప్రసాద్ తల్లి అచ్చాయమ్మ అదంతా చూసింది. ఫోనుకే రెండు చేతులూ జోడించింది.

"మా వాడికి నా బదులు అన్నం పెట్టేరు. మీ కడుపు చల్లగా ఉండాలండి," అంది. ఫ్లోరికా ఆవిడ భాషలో ఆవిడా ఏదో అంది. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

"కుర్చీ మీద పేరు లేదేమండీ?" అంది శ్రీదుర్గ.

"ఎవరి పేరు వాళ్ళే వచ్చి రాసుకోవాలి కదండీ. ఏ రంగు కావాలో చెప్తే డబ్బా కొని ఉంచుతారు."

శ్రీదుర్గ ఒక్క క్షణం ఆలోచించింది. "పసుపు," అంది.

లోపల్నుంచి కాశీవిశ్వనాథం గారి గొంతు వినబడింది. "ఏమ్మా, వీళ్ళకి ఏం చెప్పమంటావు?"

"ఆయ్, ఇంకాసేపు కూర్చోమనండి నాన్నగారూ," అంది శ్రీదుర్గ లేచి కొంగు సర్దుకుంటూ. "మళ్ళీ కాఫీ పెడతాను. ఇందాకటిది ఆయన తాగనే లేదు."