వరహాలమ్మ రాకడ అంకె

శశిరేఖ గోడతెర మీది అంకెను వేలితో పెద్దది చేసి వెనక్కి తిరిగింది. "ముప్పై ఒకటి. విడిచిపెడితే ఈవిడ విచారణకి తిరిగొస్తుందని మన తూనిక యంత్రానికి ఉన్న నమ్మకం నూటికి అంతే. నలభై దాటకపోతే నిలుపుగదే. విచారణ ఎన్నాళ్లకొస్తే అన్నాళ్లూ."

ఎదురుగా కొత్త మేజిస్ట్రేట్లు, గుమాస్తాలు, జైలు అధికారులు కూర్చుని వింటున్నారు. కాకినాడ తీరకోర్టులో పాఠాలకి కల్పిత కేసులుండవు. శిక్షణ రోజుల్లో తీర్పుమీట పాఠం చెప్పే శశిరేఖ చేతిలో ఉంటుంది. ఆమె నొక్కినదాన్నే తూనిక పాఠంగా తీసుకుని తీరంలోని కోర్టులన్నిటికీ పంపిస్తుంది. ఇవాళ్టి కేసు వరహాలమ్మది. ఆరబెట్టిన నెత్తళ్ల చేపల మీద మందు చల్లబోయిన కాపలాయంత్రం కన్ను కర్రతో పగలగొట్టింది.

"అంత తక్కువెందుకండి?" అన్నాడు కరిముల్లా అనే కుర్ర మేజిస్ట్రేటు.

"బంధరేఖల్లేవు. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఊరు సముద్రంలో కలిసిపోయింది." ఆపైన ప్రతి తరగతిలో చెప్పేదే చెప్పింది. "అయితే అంకె సలహా మాత్రమే. తీర్పు మనది."

"మీరెప్పుడైనా అంకెని కాదన్నారాండి?"

ఆమె బదులు చెప్పేలోగా తలుపు దగ్గర ఒక పెద్దావిడ క్యారేజీతో నిలబడింది. "మా వరహాలు పొద్దున్నుంచీ ఏం తినలేదమ్మా. పులుసు చల్లారితే ముట్టదు."

"ఆవిడకి మీరేమవుతారు?"

"సవితినమ్మా. నూకరత్నాన్ని."

వెనకెవరో నవ్వారు. నూకరత్నం పట్టించుకోలేదు. "ఆయనున్నన్నాళ్లూ జుట్లు పట్టుకున్నాం. ఆయన పోయాక ఒకళ్లనొకళ్లం పట్టుకున్నాం. నా కంట్లో చుక్కలు వేసేది అదే. సగం చెంప మీద పోస్తుంది, నేను తిడతాను. ఇంకోళ్లు వేస్తే మాత్రం నాకు పడదు."

"విడిచిపెడితే విచారణకి వస్తుందా?"

"రాకపోతే నేనూరుకుంటానా? రెక్క పట్టుకుని తీసుకొస్తాను."

శశిరేఖ బంధాల పట్టీ తెరిచింది. అందులో సవితి అనే వరసే లేదు. కరిముల్లా ఇంకా ఆమె వంకే చూస్తున్నాడు.

"లేదు," అంది అతనితో. "ఇప్పటిదాకా అంకెని కాదనలేదు."

విడుదల మీట నొక్కింది. తూనిక కారణం అడిగింది. అది చూపించిన కారణాల్లో ఏదీ సరిపోలేదు. శశిరేఖ తన మాటల్లోనే చెప్పింది: "ఈవిడ కోసం బయట ఒక మనిషి ఎదురుచూస్తోంది."

వరహాలమ్మ వరండాలోనే కూర్చుని క్యారేజీ విప్పింది. ఒక ముద్ద తిని, "ఉప్పు కషాయం," అంది.

"తిను ముందు," అంది నూకరత్నం, ఆమె చెదిరిన జుట్టు ముడివేస్తూ.

శశిరేఖ కిటికీ దగ్గరికొచ్చి వాళ్లని చూస్తూ ఉండిపోయింది. జైలు అధికారి చెవికున్న ఫోను తీసి కంగారుగా లేచాడు.

"మేడమ్, తీరంలో నిలుపుగది ఉత్తర్వులన్నీ ఆగిపోయాయట. విశాఖ నుంచీ బందరు నుంచీ ఒకటే ఫోన్లు. పేరు పేరుకీ తూనిక అడుగుతోందట, బయట ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని. ఏం చెప్పమంటారు?"

"బయటికి వెళ్లి చూడమనండి," అంది శశిరేఖ.