పూరణి పెట్టిన పేరు

అంగారకుడి మీద నల్లమిట్ట కాలనీలో మిర్చి వ్యాపారం మొదలుపెట్టిన నాడు కనకలింగం చేతిలో ఉన్నవి సగం అద్దాల షెడ్డు, మిగతా సగానికి హక్కుదారైన బావమరిది విశ్వం, పుట్టుకతో వచ్చిన తెలుగు. మొదటి రెండూ అక్కడ చెల్లాయి. తెలుగు చెల్లలేదు.

కాలనీని నడిపే కంప్యూటర్లు వ్యాపారంలో ప్రతి మాటా వింటాయి. వాటి భాషలో పని చేసినవాడి పేరు లేకుండా వాక్యం నిలవదు. మనవాళ్లేమో "దించాం, పంపేశాం, రేపొస్తాడు" అంటారు. ఎవరు, ఎవరు అని అడుగుతూ అవి సరుకును గుమ్మంలోనే ఆపేసేవి.

ఆ తిప్పలు తీర్చడానికే డాక్టర్ సర్వమంగళ కర్తృపూరణిని తయారుచేసింది. చెవి వెనక అతికించుకునే చిన్న బిళ్ల. పలకని కర్తను ఊహించి నింపుతుంది.

"వచ్చాను అంటే నేనే కదమ్మా. క్రియ తోకలోనే మనిషి ఉన్నాడు. ఇంకా ఊహించేదేముంది?" అన్నాడు అప్పట్లో కనకలింగం.

"తోకలు లేని భాషలూ కర్తను వదిలేస్తాయండీ. చైనా వాళ్లు, జపాను వాళ్లు అలాగే మాట్లాడతారు. ఎదుటివాడికి తెలుసులే అన్న ధీమా అది. ఆ తెలిసిందేదో పూరణికీ తెలియాలి. మీ కొట్లో మాటలన్నీ వినిపించండి, నేర్చుకుంటుంది."

కొట్టు తెరిచిన నాటి నుంచీ రికార్డయిన మాటలన్నీ ఇచ్చాడు. బదులుగా పూరణి అమ్మకాల్లో వాటా రాయించుకున్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం షెడ్డులో నీటి కవాటం తెరిచి వదిలేసి వెళ్లాడు విశ్వం. అతను తెరవడం కనకలింగం కళ్లారా చూశాడు; కట్టకుండా వెళ్లాడని తెలిసింది మాత్రం ఆలస్యంగా. మిర్చి బూజు పట్టింది, నీళ్లు ఆవిరైపోయాయి. అక్కడ నీళ్లు వృథా చేసినవాళ్లకు నివాస అనుమతి రద్దు. వచ్చే ఓడలో భూమికి పంపేస్తారు.

తనిఖీ అధికారి అడిగినప్పుడు, ఇల్లాలి తమ్ముడి పేరు ఎలా చెబుతామని, "కవాటం తెరిచి వదిలేశారండీ" అని ఊరుకున్నాడు కనకలింగం.

పూరణి ఆ ఖాళీలో పేరు పెట్టింది: దానమ్మ. కనకలింగం కొట్లో బస్తాలు మోసే మనిషి. ఆ రోజు ఆమె షెడ్డు ఛాయలకే రాలేదు.

కనకలింగం మండిపడుతూ సర్వమంగళ ప్రయోగశాలకు వెళ్లాడు. వెనకే దానమ్మ వచ్చింది.

"ఏం నేర్పావమ్మా దీనికి? నోటికొచ్చిన పేరు పెడుతుందా?"

సర్వమంగళ పూరణినే అడిగింది. అది తడుముకోలేదు.

"'చింపేశారు' అన్నాక మీరు తిట్టింది దానమ్మను. 'తడిపేశారు' అన్నా ఆమెనే. 'మంచి ధరకు అమ్మేశాం' అన్నప్పుడు ఆమె పేరు ఎన్నడూ రాలేదు. మీ కొట్లో చెడిన పనికి కర్త ఎవరో మీరు చెప్పినట్టే నేర్చుకున్నాను."

దానమ్మ నవ్వింది. "బిళ్లకి తెలివి బానే అబ్బింది. షావుకారు గారి కొట్లో కూకుంటే ఎవురికైనా అబ్బుద్ది."

"దీన్ని సరిచెయ్యి తల్లీ" అన్నాడు కనకలింగం.

"నేను సరిచేసేలోపు ఓడ వెళ్లిపోతుంది. పేరు మీరే చెబితే దానికి పనే ఉండదు."

"చెప్పండి" అంది దానమ్మ. "మీ బామ్మర్దేనని నాకూ తెలుసు. నా మాట చెల్లదు గాబట్టి మిమ్మల్ని అడుగుతున్నా. దండం మాత్రం పెట్టను."

కనకలింగం అధికారి దగ్గరికి వెళ్లి, "నా బావమరిది విశ్వం తెరిచి వదిలేశాడు" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి పెద్ద ధైర్యమేమీ కావలసి రాలేదు. ముందే ఎందుకు అనలేదా అని తన మీద తనకే ఒళ్లు మండింది.

బజారుకు రాగానే పక్క కొట్టు రమణయ్య ఆపాడు. "పూరణిని బాగుచేస్తున్నారంటగా లింగం?"

"చేస్తున్నారు."

"బాగుచెయ్యనిది ఒకటి మా కొట్టుకి ఇప్పించు. మంచిది ఎవడిక్కావాలి?"

వెనకాల మరో నలుగురు తలూపారు.

"నీ కొట్లో తప్పులకు ఎవర్ని రాయించుకుంటావు బాబాయ్? ముందే ఎంచి పెట్టుకున్నావా?" అన్నాడు కనకలింగం. అప్పుడే ప్రయోగశాలకు వెనక్కి వెళ్లి పూరణి అమ్మకాల్లో తన వాటా వదులుకున్నాడు.

విశ్వం ఓడెక్కాడు, షెడ్డులో తన సగం అమ్మేసి. కనకలింగంతో అతని భార్య మాట్లాడటం మానేసింది. పాత పూరణిని దొంగచాటుగా ఎవరో చేసి అమ్ముతున్నారు, ఎగబడి కొంటున్నారు. దానమ్మ నివాస అనుమతి దానమ్మ దగ్గరే ఉంది. ఆమె వేరే కొట్లో బస్తాలు మోస్తోంది, ఇటు తల తిప్పదు. ఆమె అనుమతి నిలిచిన సంగతి తన లాభం కింద రాసుకోవడానికి కనకలింగానికి చెయ్యి రాలేదు.